మంచాన పడ్డవారిని చూసుకుంటూ మీ మనసును నిలబెట్టుకోవడం ఎలా

పక్షవాతం వచ్చిన నాన్నగారు, మతిమరుపు జబ్బుతో అత్తగారు, కీమోథెరపీ మధ్యలో ఉన్న భర్త. ఇంట్లో ఒకరు మంచాన పడగానే వచ్చేపోయేవాళ్లంతా రోగి ఎలా ఉన్నారని అడుగుతారు. చూసుకుంటున్న మనిషితో మాత్రం "నీకు పుణ్యం వస్తుందమ్మా" అని చెప్పి చెప్పులేసుకుంటారు. ఆ మాటలో చెడు ఉద్దేశం లేదు. కానీ పుణ్యం చేస్తున్న మనిషి విసుక్కోకూడదు, అలిసిపోయానని అనకూడదు, రెండు రోజులు ఎవరినైనా పంపండని అడగకూడదు. అడిగితే ఇన్నాళ్ల పుణ్యం కాస్తా పోయినట్టే చూస్తారు.

ఈ మార్గదర్శి ఆ మనిషి కోసం. చాలా ఇళ్లలో అది కోడలు, లేదా దగ్గరలో ఉంటున్న కూతురు, లేదా తానే మోకాళ్ల నొప్పులతో ఉన్న డెబ్బై ఏళ్ల భార్య. ఒంటరిగా తల్లిని చూసుకుంటున్న కొడుకులూ తక్కువేమీ కాదు. మనసు బాగుండాలంటే సంగీతం వినండి, ధ్యానం చేయండి, నచ్చిన పుస్తకం చదవండి అనే సలహాలు వీళ్లకు ఒంటికి అంటవు. ఆ అరగంట మంచం దగ్గర ఎవరు కూర్చుంటారో ఆ సలహాలు చెప్పవు. అందుకే ఇక్కడ వరుస మార్చాను. ముందు చాకిరీ పంచడం, తరువాత నిద్ర, ఆ తరువాతే ధ్యానమైనా ప్రార్థన అయినా.

మొదటి పని: ఒక రోజును కాగితం మీద పెట్టండి

ఒక మామూలు రోజు ఎంచుకుని, పొద్దున లేచిన దగ్గర నుంచి మీరు చేసిన ప్రతి పనీ టైముతో సహా రాయండి. ఇలా ఉంటుంది:

"5.30, డైపరు మార్చి ఒళ్లు తుడవడం, 40 నిమిషాలు. 6.30, షుగరు చూసి ఇన్సులిన్ ఇవ్వడం. 7.00, ఇడ్లీ మెత్తగా చిదిపి తినిపించడం, 45 నిమిషాలు, సగం ఉమ్మేశారు, జుబ్బా మార్చాను. 8.00, పక్కకు తిప్పడం. 8.10, పిల్లవాడి బాక్సు. 8.30, ఫిజియోథెరపీ అబ్బాయి రాలేదు, ఫోను చేస్తే రేపు వస్తానన్నాడు…"

రాత్రి లేచిన సార్లు కూడా రాయండి, వాటినే అందరూ మరిచిపోతారు. తరువాత ప్రతి పని పక్కన ఒక గుర్తు పెట్టండి. నేను తప్ప ఎవరూ చేయలేనివి ఒక గుర్తు, నేర్పిస్తే ఇంట్లో ఇంకొకరు చేయగలిగేవి ఇంకో గుర్తు, దూరాన ఉన్నవాళ్లు ఫోనుతోనో డబ్బుతోనో చేయగలిగేవి మూడో గుర్తు. మందుల ఆర్డరు, డాక్టరు అపాయింట్‌మెంటు, ఇన్సూరెన్సు కాగితాలు, పెన్షను కోసం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ తిరుగుడు, వీటిలో ఒక్కటి కూడా మంచం పక్కనున్న మనిషే చేయాల్సిన పని కాదు. అలవాటుగా మీ నెత్తిన పడ్డాయి, అంతే.

భారం ఎంత ఉందో కొలవడానికి డాక్టర్ల దగ్గర ఒక ప్రశ్నాపత్రం ఉంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్ జారిట్ బృందం 1980లో మొదలుపెట్టినది. ఇప్పుడు ఎక్కువగా వాడే రూపంలో 22 ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. మీకంటూ సమయం మిగులుతోందా, రోగి దగ్గర ఉన్నప్పుడు కోపం వస్తోందా, మీ ఆరోగ్యం దెబ్బతిన్నదా వంటివి అడుగుతారు. న్యూరాలజీ, మానసిక వైద్య విభాగాల్లో అడిగి చూడండి. "అలిసిపోతున్నాను" అంటే పట్టించుకోని ఇంటివాళ్లు 88కి 60 వచ్చిందంటే ఒకసారి తల ఎత్తి చూస్తారు. మన ఇళ్లలో మార్కులకున్న మర్యాద తెలిసిందే కదా.

రెండో పని: పేరు పెట్టి, రోజు పెట్టి అడగండి

ఈ మొత్తం వ్యాసంలో ఒక్క అంచె మాత్రమే చేయగలిగితే ఇది చేయండి.

"ఎవరూ పట్టించుకోవడం లేదు" అన్నది ఫిర్యాదు. దానికి జవాబుగా ఇంకో ఫిర్యాదే వస్తుంది: మాకు మాత్రం తీరికుందా, మొన్న వచ్చాం కదా అని. "కాస్త సాయం చేయండి" అన్నది కూడా గాలిలో పోయే మాటే. ఎవరు, ఏ రోజు, ఎంతసేపు, ఏ పని అన్న నాలుగూ ఉండాలి. ఆడపడుచుతో అయితే ఇలా: "వదినా, ప్రతి నెలా రెండో శనివారం పొద్దున నుంచి ఆదివారం సాయంత్రం దాకా మామయ్యగారి దగ్గర మీరుండాలి. ఏ మందు ఎప్పుడో చార్టు రాసి గోడకు పెడతాను. ఈ నెల నుంచే మొదలుపెడదాం." అంతటితో ఆగండి. వెనక ఐదేళ్ల లెక్కలు అందులోకి తేకండి. ఆ రోజు మాట్లాడాల్సింది శనివారం గురించి మాత్రమే.

ఈ మాట భర్త చేత చెప్పించాలా, మీరే చెప్పాలా అన్నది ఇంటిని బట్టి ఉంటుంది. తల్లిదండ్రుల విషయం కాబట్టి కన్న కొడుకే తన అక్కచెల్లెళ్లతో, అన్నదమ్ములతో మాట్లాడటం మేలు. కోడలు అడిగితే "మా నాన్నను చూడలేకపోతోంది" అని అర్థం తీస్తారు. కొడుకు అడిగితే పంపకాల చర్చ అవుతుంది. తల్లిదండ్రుల పోషణకు సంబంధించిన 2007 నాటి చట్టం కూడా కొడుకుకీ కూతురికీ బాధ్యతలో తేడా పెట్టలేదు. బెదిరించడానికి కాదు, "ఆడపిల్లను అడుగుతారా" అన్న మాటకు జవాబుగా గుర్తుంచుకోవడానికి.

అమెరికాలో ఉన్న అన్నయ్య సంగతి. ఆదివారం వీడియో కాల్‌లో ఆయన మీతో మాట్లాడతాడు: బీపీ ఎంత, స్కానింగ్‌లో ఏమొచ్చింది, నెట్‌లో ఫలానా మందు చూశాను అని. అరగంట గడుస్తుంది, మీ పని ఒక్కటీ తగ్గదు, పైగా ఒక రిపోర్టు అప్పజెప్పినట్టుంటుంది. ఆ కాల్ తీరు మార్చండి. వేసవిలో మనకు సాయంత్రం 6.30 అయితే డాలస్‌లో పొద్దున 8.00. ఆ సమయానికి ఫోను స్టాండుకు పెట్టి నాన్నగారి ఎదుట ఉంచి, "అన్నయ్యా, రోజూ ఈ అరగంట నాన్నతో నువ్వు మాట్లాడు, నేను డాబా మీదకు వెళ్తున్నాను" అని చెప్పండి. నాన్నగారు జవాబు చెప్పలేని స్థితిలో ఉన్నా ఫరవాలేదు, పేపరు చదివి వినిపించమనండి. మూడో గుర్తు పెట్టిన పనులన్నీ కూడా ఆయనకే ఇవ్వండి. మందుల ఆర్డరు హైదరాబాద్ నుంచి చేసినా డాలస్ నుంచి చేసినా ఇంటికే వస్తుంది.

కొందరు ఎంత అడిగినా రారు. రెండుసార్లు స్పష్టంగా అడిగి, రాకపోతే వాళ్లను లెక్కలో నుంచి తీసేయండి. రాని మనిషి కోసం ఎదురుచూడటం కూడా ఒక పనే, అది మీ ఒంట్లో ఓపిక తినేస్తుంది. ఆ ఖాళీని డబ్బుతోనో, పక్కింటివారితోనో, స్నేహితులతోనో పూరించుకోవాలి.

మూడో పని: రాత్రిని కొనుక్కోండి

పడక పుండ్లు రాకుండా రోగిని రెండు గంటలకోసారి తిప్పమని డాక్టర్లు చెబుతారు. మంచి మాటే. కానీ నెలల తరబడి రెండు గంటలకోసారి లేచే మనిషి మనసు ఏమవుతుందో ఆ చీటీ మీద రాయరు. పెద్దవాళ్లకు రోజుకు 7 గంటల నిద్ర కావాలి. అందులో సగంతో బండి లాగుతుంటే చిన్న మాటకు ఏడుపు రావడం, లెక్కలు తప్పడం, పిల్లల మీద అరవడం మీ స్వభావ దోషాలు కావు, నిద్రలేమి లక్షణాలు.

అటెండెంటును పెట్టుకునే స్తోమత కొద్దిగానే ఉంటే పగటికి బదులు రాత్రికి పెట్టుకోండి. చాలామంది దీనికి ఒప్పుకోరు, పగలే పని ఎక్కువ కదా అంటారు. నిద్రపోయిన మనిషి పగటి పనిని ఎలాగో లాక్కొస్తుంది. నిద్రలేని మనిషికి పగలు ఎంత సాయమున్నా తేరుకోవడం కష్టం. రోజూ వీలుకాకపోతే వారానికి రెండు రాత్రులు. అదీ కాకపోతే ఇంట్లోవాళ్లు రాత్రిని రెండు ముక్కలు చేసుకోండి: పదింటి నుంచి రెండింటి దాకా ఒకరు, రెండు నుంచి ఆరు దాకా ఒకరు. వంతు లేనివాళ్లు వేరే గదిలో, తలుపు వేసుకుని పడుకోవాలి. అదే గదిలో పడుకుంటే చెవి అటే ఉంటుంది.

డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి. ఎయిర్ బెడ్ (పడక పుండ్లు రాకుండా వేసే గాలి పరుపు) వేస్తే రాత్రిపూట తిప్పే వ్యవధి పెంచవచ్చా? మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు ఉదయానికి మార్చవచ్చా? ఎయిర్ బెడ్ ఉన్నంత మాత్రాన తిప్పడం మానేయకూడదు గానీ, చర్మం బాగున్నవాళ్లకు వ్యవధి పెంచడానికి వీలుండవచ్చు. ఒక్కసారి లేవడం తగ్గినా లాభమే.

రోగికి రాసిన నిద్రమాత్ర సగం విరిచి తామూ వేసుకునేవాళ్లు ఉంటారు. వద్దు. ఆల్ప్రజోలం వంటివి అలవాటుగా మారతాయి, మానేటప్పుడు ఇబ్బంది పెడతాయి.

చూడటానికి వచ్చే చుట్టాలు

బత్తాయిలు, హార్లిక్స్ సీసా పట్టుకుని వస్తారు. మీరు టీ పెట్టి, జబ్బు కథ మొదటి నుంచీ చెబుతారు. వాళ్లు "మా తోడికోడలి తమ్ముడికీ ఇలాగే…" అంటూ ఇంకో కథ చెబుతారు. దీన్ని తిప్పేయడం తేలిక. వచ్చి కూర్చోగానే "పిన్నీ, మీరు ఒక అరగంట ఇక్కడ కూర్చుంటే నేను తలస్నానం చేసి వస్తాను" అనండి. కాదన్నవాళ్లు అరుదు. నిజానికి చేతిలో ఒక పని పెడితే వాళ్లకూ బాగుంటుంది. మంచం పక్కన ఏం మాట్లాడాలో తెలియకే ఆ కథలన్నీ.

నాలుగో పని: కోపం వచ్చినప్పుడు చేయాల్సింది ముందే అనుకోండి

దుప్పటి ఇప్పుడే మార్చారు. జావ మూడు చెంచాలు లోపలికి పోయింది. నాలుగోది మీ చేతి మీద, కొత్త దుప్పటి మీద ఉమ్మేశారు, పైగా మీ వంక కోపంగా చూశారు. ఆ క్షణంలో "ఈ మనిషి పోతే బాగుండు" అనిపిస్తుంది. వెంటనే గుండె ఝల్లుమంటుంది, ఇలా అనుకున్నానేమిటి అని. ఏళ్ల తరబడి ఇంట్లో రోగిని చూసుకున్నవాళ్లలో చాలామందికి ఆ ఆలోచన తెలుసు, పైకి అనరు. ఆలోచన రావడం వేరు, చేయడం వేరు. అలిసిన మనసుకు ఈ పని ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాలన్న కోరిక అది. ప్రేమ ఉన్నవాళ్లకూ వస్తుంది.

జాగ్రత్త పడాల్సింది చేతి దగ్గర. గిల్లడం, చెంచా గట్టిగా కుక్కడం, జబ్బ పట్టి లాగడం దాకా వస్తే వెంటనే ఆపాలి. అప్పుడు చేయాల్సినవి వరుసగా: చెంచా కింద పెట్టండి. రోగి నోట్లో ఏమీ లేదని చూడండి. తల వైపు ఎత్తి కూర్చున్నట్టే ఉంచండి, మంచం కమ్మీ పైకి లేపండి. గదిలోంచి బయటకు వెళ్లి ఐదు నిమిషాలు ఉండండి. తిరిగి వచ్చాక తినిపించడం మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు, గంట తరువాత చూడవచ్చు. ఒక పూట సగం తిన్నందుకు ఎవరికీ ఏమీ కాదు. షుగరు మందులో ఇన్సులినో వాడుతుంటే మాత్రం డాక్టరు చెప్పిన ప్రకారం నడుచుకోండి. చేయి చేసుకునేదాకా ఇప్పటికే వచ్చి ఉంటే అది మీరు చెడ్డవారనడానికి గుర్తు అనుకుని దాచుకోకండి. ఆ వారమే ఇంకో మనిషి సాయం తెచ్చుకోవాలి, డాక్టరుతో చెప్పాలి.

రోగితో మీ బంధం

మతిమరుపు జబ్బులో ఒక చిత్రమైన దుఃఖం ఉంది. మనిషి ఎదుటే ఉంటారు, అన్నం తింటారు, కానీ మీరు ఎరిగిన అమ్మ ఉండదు. చావు కాదు కాబట్టి ఎవరూ ఓదార్చరు, పదకొండో రోజూ ఉండదు. ఇది కూడా నిజమైన దుఃఖమేనని కుటుంబ పరిశోధకురాలు పాలీన్ బాస్ 1970ల నుంచీ చెబుతూ వచ్చారు. ఏడుపొస్తే ఏడవండి. "ఇంకా ఉన్నారు కదా" అన్నవారికి సమాధానం చెప్పనక్కర్లేదు.

ఆ జబ్బు ఉన్నవారితో వాదించి గెలవలేరు. సాయంత్రమయ్యేసరికి "మా ఇంటికి పోతాను" అని తలుపు దగ్గరకు వెళ్లే అత్తగారికి "ఇదే మీ ఇల్లు" అని పదిసార్లు చెబితే ఇద్దరికీ బీపీ పెరుగుతుంది. "మీ ఇంట్లో బావి ఎటువైపు ఉండేది?" అని అడిగి చూడండి. పొద్దువాలే వేళ ఈ గాభరా పెరగడం ఆ జబ్బు లక్షణం, మీ మీద కక్ష కాదు. చీకటి పడకముందే లైట్లు వేయడం కొంత పనిచేస్తుంది.

పక్షవాతంతో మాట పోయినవారిలో కొందరు మాట్లాడలేకపోయినా పాడగలుగుతారు. చిన్నప్పటి పద్యమో, కీర్తనో, పాత పాటో మీరు మొదలుపెట్టి చూడండి. రోజంతా శుభ్రం చేయడం, తినిపించడం మాత్రమే మిగిలితే ఆ మనిషి మీకు ఒక పనిగా మారిపోతారు. పని లేకుండా ఊరికే పక్కన కూర్చునే పది నిమిషాలు రోజులో ఒకటి ఉండాలి. అటెండెంటు ఉన్న ఇళ్లలో ఇది ఇంకా తేలిక: ఒళ్లు తుడిచే పని ఆమెకు వదిలి, మీరు కూతురిగా కూర్చోండి.

ఐదో పని: ఊపిరి, నడక, ప్రార్థన, రాత

చాకిరీ కొంత పంచాక, నిద్ర కొంత దొరికాక ఇవి పనిచేస్తాయి.

ఊపిరి: నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి సుమారు ఆరు శ్వాసలవుతాయి. ఐదు నిమిషాలు చాలు. నడుము ఆనించి కూర్చుని, మంచం పక్కనే చేయవచ్చు.

ప్రార్థన: ఇటలీ పరిశోధకులు 2001లో ఒక సంగతి గమనించారు. క్రైస్తవుల జపమాల ప్రార్థన, బౌద్ధుల "ఓం మణి పద్మే హుం" రెండూ పలికేవారి శ్వాసను నిమిషానికి ఆరు దగ్గరకు తెస్తున్నాయి. మీకు అలవాటైన స్తోత్రమైనా, దువా అయినా, కీర్తన అయినా నెమ్మదిగా, పైకి, తొందర లేకుండా పలకండి. అయితే కఠిన ఉపవాసాలు, మండల దీక్షలు ఈ రోజుల్లో పెట్టుకోకండి. కడుపు మాడ్చుకుని మనిషిని ఎత్తి కూర్చోబెట్టలేరు.

నడక: ఇంటి బయట, ఫోను లేకుండా. కూరగాయలకు వెళ్లడం దీని కిందకు రాదు.

నడుము: రోగిని చంకల కింద చేతులు వేసి లాగకండి. ఒక దుప్పటిని నాలుగు మడతలు పెట్టి నడుము కింద వేసి, ఇద్దరు చెరో వైపు పట్టుకుని జరపండి. ఇది మనసుకు సంబంధించిన సలహాయే. నడుము నొప్పితో ఉన్న మనిషికి సహనం గురించి చెప్పడం దండగ.

రాత: జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు తమను కలచివేసిన సంగతుల గురించి వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాశారు. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది. కానీ తరువాతి నెలల్లో వాళ్లు డాక్టరు దగ్గరకు వెళ్లడం తగ్గింది. కాబట్టి పడుకునే ముందు రాయకండి. ఎవరికీ చూపించాల్సిన పని లేదు, చించేయవచ్చు కూడా.

ఆరో పని: ఎప్పుడు డాక్టరు దగ్గరకు

రెండు వారాలుగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉన్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, దానితోపాటు నిద్ర, ఆకలి చెడి, నేను పనికిరానన్న ఆలోచన వెంటాడుతున్నా అది అలసట స్థాయి దాటింది. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగనక్కర్లేదు, ఆ రోజే. మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే టెలి మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించింది, 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంటి నుంచి కదలలేనివారికి ఫోనే మేలు. పెద్దవారికి సంబంధించిన సమాచారానికి, సాయానికి 14567 ఉంది. క్యాన్సరు వంటి జబ్బుల్లో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) బృందం దొరుకుతుందేమో జిల్లా ఆసుపత్రిలో అడగండి. వాళ్లు రోగి నొప్పితోపాటు ఇంటివాళ్ల బాధ కూడా వింటారు. ప్రభుత్వ మానసిక వైద్యశాలలు హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నం చినవాల్తేరులో ఉన్నాయి. ఎర్రగడ్డ అన్న మాటకు మనవాళ్లు నవ్వుతారు. ఓపీ చీటీ తీసుకునే వరుసలో నిలబడిన ఇళ్లవాళ్లు నవ్వరు.

డిప్రెషన్‌కు రాసే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసి గుణం లేదని ఆపకండి, బాగున్నాక కూడా డాక్టరు చెప్పకుండా ఆపకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. మీ పాలసీలో ఏమేం వర్తిస్తాయో ఫోను చేసి కనుక్కోండి. ఆ ఫోను అన్నయ్య చేత చేయించండి.

ఒక సంఖ్య మాత్రం ఇంటిల్లిపాదికీ చదివి వినిపించండి. అమెరికాలో జీవిత భాగస్వామిని చూసుకుంటున్న వృద్ధులపై 1999లో వచ్చిన అధ్యయనంలో, ఆ పనిలో ఒత్తిడికి గురవుతున్నవారు నాలుగేళ్లలో చనిపోయే అవకాశం, ఆ బాధ్యత లేనివారి కన్నా 63 శాతం ఎక్కువని తేలింది. చూసుకుంటున్నా ఒత్తిడి లేదన్నవారిలో ఆ పెరుగుదల స్పష్టంగా కనిపించలేదు. అందుకే మొదటి రెండు పనుల గురించి అంత సాగదీశాను.

అయిపోయాక

రోగి పోయాక మొదట కలిగేది ఉపశమనం, ఆ వెనకే అపరాధ భావం. రెండూ మామూలే. పెద్దకర్మ అయ్యి బంధువులు వెళ్లాక మూడింటికి మెలకువ వస్తూనే ఉంటుంది, మందుల అలారం మోగుతూనే ఉంటుంది. అలారాలు తీసేయండి గానీ, మంచం, వీల్‌చైరు, మిగిలిన డైపర్లు మొదటి వారంలోనే ఎవరికో ఇచ్చేయమని ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోకండి. నెల తరువాత ఇవ్వవచ్చు, తీసుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. "ఇక నీకు ఖాళీయే కదా" అంటూ మనవళ్లను చూసుకునే పని అప్పజెప్పడానికి వచ్చేవాళ్లకు మూడు నెలలు గడువు చెప్పండి.

ఆ మూడు నెలల్లో మీరు వాయిదా వేసిన పరీక్షలు చేయించుకోండి: బీపీ, షుగరు, థైరాయిడ్, కళ్లు, పళ్లు. ఆడవాళ్లయితే రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు కూడా. ఇన్నాళ్లూ ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ మీరు చక్రాల కుర్చీ వెనకే నిలబడ్డారు. ఈసారి చీటీ మీ పేరున రాయించుకోండి.